నీళ్లు పోయే దారి

"కారు పైకిటికీ మూయడం మరిచిపోయింది," అని మామగారు ఒక్క మాట అనేశాక ఆ ఇంట్లో ఇక విచారణ లేదు. కారు విషయంలో ఆయన మాట రాతి మీద గీత. ముందు సీటు దగ్గర కార్పెట్ అంచు లేపి, దాని అడుగున ఉన్న దళసరి స్పాంజిని రెండు వేళ్లతో నొక్కి చూపించారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు పైకుబికాయి. ఆయన చెయ్యి తుడుచుకుని, కోడలి వైపు చూడకుండానే మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయారు.

"మూశాను మామయ్యా," అంది కోడలు ఆయన వీపుతో.

"మూస్తే మరి ఇన్ని నీళ్లు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?" అంది గుమ్మంలో నిలబడ్డ అత్తగారు.

"వాన నీళ్లు ఆకాశంలోంచే పడతాయి కదమ్మా," అన్నాడు భర్త. నవ్వించబోయాడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు, అతనితో సహా.

ఆ మంగళవారం పొద్దున రోడ్డు మీద జరిగింది నవ్వులాట కాదు. హోటల్లో దిగిన ఒక పెద్దమనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కోడలు రైల్వేస్టేషనుకి బయల్దేరింది. రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది. పెద్ద కూడలి దగ్గరికి వచ్చేసరికి నాలుగు అద్దాలూ వాటంతట అవే కిందికి జారాయి. అంత ఎండలో వైపర్లు అటూ ఇటూ ఊగడం మొదలెట్టాయి. హారను పూనకం వచ్చినట్టు మోగి మోగి, గొంతు పూడుకుపోయినట్టు ఆగింది. దాంతోపాటే ఇంజనూ ఆగింది. బండి నడిపేది ఆడమనిషని తెలిశాక వెనకవాళ్లు ఇంకాస్త గట్టిగా హారన్లు కొట్టారు. పెద్దమనిషి తన పెట్టె పట్టుకుని దిగి, "పాపం, దీనికీ వయసైపోయిందమ్మా," అని వేరే బండి ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ కారుకి ఇంట్లో పేరు ఏనుగు. నల్లగా, పొడుగ్గా, మలుపు తిరిగితే వీధి సగం ఆక్రమించేలా ఉంటుంది. ఒకప్పుడు పెద్ద పెద్ద యజమానులు మాత్రమే ఎక్కిన రకం. ఇప్పుడు దాని తయారీయే ఆగిపోయింది. ఒక్క చిన్న మర పోతే నెలల తరబడి వెతకాలి. దాన్ని కడగడం, తోలు సీట్లకి నూనె పట్టించడం ఒకప్పుడు అట్లాంటి యజమాని దగ్గర డ్రైవరుగా చేసిన మామగారి పని. టైర్లు, ఆయిలు భర్త చూస్తాడు. నడిపేది కోడలు. కొత్త కార్లు ఎన్ని వచ్చినా హోటలువాళ్లు దీన్ని పోర్టికోలో నిలబెట్టుకున్నారంటే ఆ దర్జా చూసే. ఆ మధ్యాహ్నం హోటలు మేనేజరు ఫోను చేశాడు. "ఏమనుకోకమ్మా, సోమవారం పొద్దునకల్లా బండి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాం," అన్నాడు.

కారుని తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చినప్పుడు భర్త ఆమె చేతిలోంచి తాళం తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "నా దగ్గర ఉంటుందిలే," అన్నాడు మెత్తగానే. సాయంత్రం దాకా ఆ తాళం తలకాయ జేబులోంచి తొంగిచూస్తూనే ఉంది. ఆమె కళ్లు ఎటు తిప్పుకున్నా మళ్లీ అక్కడికే పోయాయి.

చీకటి పడకముందే ఆడపడుచు భర్త వచ్చాడు. అందరూ బేరాల బావ అంటారు. డాక్టరు రాసిచ్చిన మాత్రల్లో కూడా రెండు తగ్గించమని అడిగే మనిషి. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరుని చెప్పుతో తట్టాడు.

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. అది అడవిలో ఏనుగు సంగతి చెల్లెమ్మా. ఇనప ఏనుగు చస్తే తూకానికే పోతుంది. ఆదివారం నా మనిషిని తీసుకొస్తా, పట్టుకుపోతాడు."

"అల్లుడుగారు చెప్పిందీ నిజమే," అంది అత్తగారు.

భర్త గోడ మీద లేని మరకేదో గోటితో గీకుతున్నాడు. మామగారు బయటికే రాలేదు.

"ఆదివారం దాకా దాని జోలికి ఎవరూ రాకండి," అంది కోడలు. "నేను చూస్తాను."

"ఏం చూస్తావు?" అన్నాడు భర్త.

"నీళ్లు ఎట్లా వచ్చాయో."

"ఎట్లా వచ్చాయో మీ మామయ్య చెప్పారుగా," అంది అత్తగారు.

కోడలు కారు కప్పు వైపు చూసింది. సోమవారం మధ్యాహ్నం ఒక చిన్నపిల్ల మబ్బులు చూస్తానని మారాం చేస్తే పైకిటికీ తెరిచిన మాట నిజం. ఆ పిల్ల దిగాక మీట నొక్కింది, అద్దం జరుగుతూ వచ్చి అంచుకి ఆనుకుంది, టక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడు ఇంకా ఆమె చెవిలో ఉంది. చెవిలో ఉన్నదాన్ని తీసి ఎవరికి చూపిస్తుంది?

బుధవారం భర్త టైల్స్ దుకాణంలో పనికి వెళ్లగానే అతని పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుని ఆమె కారు దగ్గరికి వచ్చింది. తాళం వెయ్యని డిక్కీలో ఉన్న బ్యాటరీ తీగ విప్పి, పక్కకి మళ్లించి, గుడ్డ కప్పింది. సీటు తీస్తే గానీ కార్పెట్ రాదు. సీటు బోల్టుల తలల్లో నక్షత్రం ఆకారంలో గుంటలున్నాయి. పెట్టెలో ఉన్న రెంచీ ఒక్కటీ వాటికి పట్టడం లేదు. వసారాలో మామగారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వచ్చినప్పటినుంచీ పేజీ తిప్పలేదు. ఆమె పటకారుతో బోల్టు తల పట్టుకోబోయేసరికి కుర్చీ కిర్రుమంది. కాసేపటికి ఇనుము గచ్చు మీద రాసుకుంటూ వచ్చి ఆమె మోకాలికి తగిలింది. నక్షత్రం మొన ఉన్న రెంచీ. ఆయన కాలితో తోశారు.

"సీటు కింద ఎయిర్‌బ్యాగుకి పోయే పసుపుపచ్చ ప్లగ్గు ఉంటుంది. బ్యాటరీ తీసిన వెంటనే దాన్ని లాగకూడదు, కాసేపు ఆగాలి," అన్నారు పేపరు చాటునుంచి.

"సరే మామయ్యా."

"నీతో కాదు. ఊరికే అనుకుంటున్నా."

ఆమె ఆగింది. తర్వాత ప్లగ్గు లాగి, బోల్టులు విప్పి, సీటుని ఒక మూల తర్వాత ఒక మూల జరుపుకుంటూ కారు తలుపులోంచి కిందికి దించింది. పడుకున్న గేదెని లేపినంత పనైంది. కార్పెట్ ఒలిచి, స్పాంజి లాగితే చెరువులో నానిన పరుపులా వచ్చింది. గచ్చు మీద పరిచి తొక్కింది. టీ రంగు నీళ్లు కాలువ కట్టాయి. వాటికి వాన వాసన లేదు, తలుపులు వేసిన కొట్టు వాసన ఉంది. స్పాంజి అడుగున నల్లటి చుక్కలు వేలితో రుద్దినా పోలేదు. స్పాంజి తీసిన చోట రేకు మూత, దాని కింద అరచేతంత నల్లటి పెట్టె. అద్దాలకీ, వైపర్లకీ, హారనుకీ, ఇంజనుకీ పెత్తనం చేసేది అదే. ఆమె దాని తీగలు ఊడదీసి, తువ్వాలులో చుట్టి, బస్సెక్కి వైరింగ్ మేస్త్రి దుకాణానికి తీసుకెళ్లింది.

మేస్త్రి మూత తెరిచి దీపం కింద పెట్టాడు. లోపల రాగి గీతల మీద పచ్చటి పొక్కులున్నాయి.

"ఎప్పటినుంచి తడుస్తోందిది?"

"సోమవారం రాత్రి వానకి అంటున్నారు."

"ఎవరంటున్నారో గానీ, సోమవారం వానకి ఇంత చిలుం పట్టదమ్మా. నిన్న మొన్న తడిస్తే నీళ్లుంటాయి, చిలుం ఉండదు. ఇది నెలల తడి. రోజూ కాస్త కాస్త తాగుతూ పైకి బాగానే కనిపించి, ఒక రోజు నడిరోడ్డు మీద పడిపోయింది. మా బావమరిది కూడా అంతే."

"బతుకుతుందా?"

"ఎవరు, బావమరిదా?"

ఆమెకి ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

"బతికిస్తాలే," అన్నాడు మేస్త్రి. "బ్రష్షుతో కడిగి దీపం కింద ఆరబెడతాను, శనివారం రా. కానీ నీళ్ల సంగతి తేల్చకుండా మళ్లీ బిగించావంటే మళ్లీ నా దగ్గరికే వస్తావు. నాకైతే మంచిదే."

వెళ్లేటప్పుడు పెట్టెని ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా తిరుగు బస్సులో ఆ మాటని తెచ్చింది. నెలల తడి. సాయంత్రం భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక చెప్పింది.

"ఒక్క రాత్రి వానకి అట్లా అవదట. నెలలనుంచి తడుస్తోందట."

అత్తగారు గరిట గిన్నెలో పెట్టింది. "అంటే నెలలనుంచీ మరిచిపోతోందన్నమాట."

భర్త కంచంలోకి తలవంచాడు. మామగారి చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. "వైరింగ్ చేసేవాడికి కార్పెట్ సంగతి ఏం తెలుస్తుంది," అన్నారు.

కోడలికి అప్పుడు అర్థమైంది. తీర్పు ముందే చెప్పేశాక ఏ సాక్ష్యం తెచ్చినా అది తీర్పు పక్కకే పోయి నిలబడుతుంది. మాట తెస్తే చాలదు. చేత్తో పట్టుకుని చూపించేది ఏదైనా తేవాలి.

గురువారం స్పాంజి ఎండకి వేసి, తిప్పి, మళ్లీ వేసింది. నేల రేకు గుడ్డతో తుడిచి ఆరబెట్టింది. ఆరిన రేకు మీద సుద్దపొడి చల్లి, బకెట్టుతో నీళ్లు తెచ్చి తలుపుల మీద, ముందద్దం మీద ఒక్కో చోటే పోస్తూ లోపలికి వంగి చూసింది. సుద్దలో ఒక్క చుక్క పడలేదు. పొద్దువాలేవేళకి జబ్బలు లాగేస్తున్నాయి. అత్తగారు వసారాలోంచి, "మొక్కకి పోసినా ఈపాటికి కాయ కాసేది," అంది. అని, కాసేపటికి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి కారు మీద పెట్టబోయి, మామగారి చూపు చూసి, కోడలి చేతికే ఇచ్చింది.

శుక్రవారం ఆమె పైకప్పు దగ్గరికి వచ్చింది. నిజానికి మొదటినుంచీ అక్కడికి రావాలని తెలుసు. భయం వేసి వెనక్కి నెట్టుకుంటూ వచ్చింది. కిటికీ మూసి ఉన్నప్పుడు నీళ్లు రాలేదంటే, ఇక అందరూ అనేదే నిజమవుతుంది. స్టూలెక్కి, మూసిన అద్దం మీద చెంబుతో నీళ్లు పోసింది. సన్నగా, వాన పడినట్టే, ఓపిగ్గా పోసింది. దిగి చూస్తే సుద్ద పొడిగానే ఉంది. మళ్లీ ఎక్కి మళ్లీ పోసింది. మూడో చెంబు సగంలో ఉండగా లోపల చిన్న చప్పుడు వినిపించింది. చెంబు అద్దం మీదే వదిలేసి దిగింది.

ముందు అద్దం పక్కన పైకప్పుని మోసే కమ్మీ ఉంది. దాని తొడుగు అడుగునుంచి ఒక్కో చుక్కా జారి సుద్దలో గుంట చేస్తోంది.

బ్యాటరీ లేదు కాబట్టి మీటకి కిటికీ కదలదు. లోపలి దీపం మూత ఊడదీసి, పనిముట్ల పెట్టెలో ఉన్న వంకర రెంచీని అక్కడి గుంటలో పెట్టి చేత్తో తిప్పింది. అద్దం అంగుళం అంగుళం వెనక్కి జరిగింది. అద్దం కింద, చుట్టూరా, వేలు పట్టేంత కాలువ ఉంది. మూసినా అంచుల్లోంచి దిగే కాస్త నీటినీ పట్టుకోవడానికి పెట్టిన కాలువ. అది అంచుల దాకా నిండి, కంచంలో చారులా నిలబడి ఉంది. మూలల్లో ఒక్కో రంధ్రం. నీళ్లు ఆ రంధ్రాల్లోంచి గొట్టాల్లోకి దిగి, కమ్మీల లోపలినుంచి బండి కిందికి పోవాలి. పోవడం లేదు.

అందరూ నీళ్లు వచ్చే దారి గురించే మాట్లాడారు. పోయే దారి గురించి ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రం పని నుంచి వచ్చిన భర్తకి కాలువ చూపించింది. అతను స్టూలెక్కి చూసి, "చెత్త అడ్డుపడి ఉంటుంది. టైర్ల షాపులో గాలి కొట్టిస్తే ఊడిపోతుంది," అన్నాడు.

"గాలి కొడితే గొట్టం లోపలెక్కడో జాయింటు దగ్గర ఊడితే? అప్పుడు కప్పంతా విప్పాలి."

"మరేం చేస్తావు?"

"కిందినుంచి చూస్తాను."

అతను దిగాడు. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని, ఏదో అనబోయి, "చక్రం నట్లు బిగుసుకుపోయి ఉంటాయి, వదులు చేసి పెడతా," అన్నాడు. ఆ పని చేసి లోపలికి వెళ్లాడు. తాళం మాత్రం ఇవ్వలేదు.

శనివారం పొద్దున మేస్త్రి దగ్గర్నుంచి పెట్టె తెచ్చుకుంది. మధ్యాహ్నం మామగారు లోపల నడుం వాల్చిన వేళ జాకీ ఎత్తి, ముందు చక్రం విప్పి, దాని వెనకున్న ప్లాస్టిక్ తొడుగు మరలు ఒక్కొక్కటీ తీసి చెప్పులో వేసుకుంది, దొర్లిపోకుండా. గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకుని లోపలికి చెయ్యి పెట్టింది. తలుపు కీలు వెనక, మట్టి గడ్డకట్టిన సందులో, గొట్టం మూతి వేళ్లకి తగిలింది. మెత్తటి రబ్బరు. రబ్బరు మధ్యలో గట్టిగా ఇంకేదో ఉంది. ఆకు కాదు. మట్టి కాదు. గోళ్లతో పట్టుకుని మెలితిప్పుతూ లాగింది.

నీళ్లు దబ్బున మోచేతి మీదా, మొహం మీదా పడ్డాయి. ఎన్నాళ్లనుంచో నిలవున్న నీళ్లు, ముక్కు పగిలే కంపు. ఆమె కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, ధార ఆగేదాకా అట్లాగే పడుకుంది. ఆగాక గుప్పిట తెరిచింది.

గుడ్డ. వత్తిలా చుట్టి, కొసకి దారంతో ముడివేసి, సీసాకి బిరడాలా తయారుచేసిన గుడ్డ. కుళాయి కింద కడిగితే మట్టి పోయి తెల్లటి దళసరి బట్ట బయటపడింది. ఒక అంచున మడత కుట్టు. అది మామగారి డ్రైవరు యూనిఫాం బట్ట. ఆయన పాత యూనిఫాములు చింపి కారు తుడిచే గుడ్డలు చేసుకుంటారు, వేరే గుడ్డ ఏనుగు ఒంటికి తగలనివ్వరు. ఆ ముడి కూడా ఆయనదే. కోడలు మిగతా మూడు మూలల కిందా అదే పని చేసింది. మరో మూడు బిరడాలు వచ్చాయి. నాలుగూ ఒకే పొడవు, ఒకే చుట్టు.

కిందటి చలికాలం ఎలుక వైర్లు కొరికిన సంగతి ఆమెకి గుర్తొచ్చింది. అప్పుడు ఆయన రోజంతా బండి కిందే పడుకుని, నడుం పట్టేసి, గోడ పట్టుకుని లేచి, "ఇక చీమ కూడా దూరదు," అన్నారు. ఆ రాత్రి అందరూ ఆయన నడుముకి కాపడం పెట్టారు.

వసారా అంచున బిరడాలు వరసగా పెట్టి ఆమె వాటి పక్కన కూర్చుంది. జుట్టులోంచి ఇంకా కంపు నీళ్లు కారుతున్నాయి. సంతోషం రావాలి. వచ్చింది కూడా, కానీ దానికి కోపం తోడొచ్చింది. ఇవి తీసుకెళ్లి అందరి ముందూ కంచం పక్కన పెట్టొచ్చు. పెడితే ఎట్లా ఉంటుందో కాసేపు ఊహించుకుంది. తర్వాత లేచి, మొహం కడుక్కుని, వాటిని గుప్పిట్లో పట్టుకుని లోపలికి వెళ్లింది.

మామగారు మంచం మీద లేచి కూర్చుని కళ్లద్దాల కోసం తడుముకుంటున్నారు. ఆమె ఆయన అరచేతిలో ఒక బిరడా పెట్టింది. చూడక్కర్లేకపోయింది. బొటనవేలు ముడి మీదికి దానంతటదే వెళ్లింది.

"ఎలుకలకి పెట్టాను," అన్నారు.

"అవి నీళ్లు పోయే దారులు మామయ్యా. పైకిటికీ చుట్టూ దిగిన నీళ్లన్నీ అక్కడికే వస్తాయి."

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. "నీళ్లు పోయే దారిలో ఎలుక దూరదా?"

"మూతికి రబ్బరు పెదవులున్నాయి. నీళ్లు నెడితే తెరుచుకుంటాయి, లేకపోతే మూసుకుంటాయి. ఎలుకకి వీలు కాదు."

"నాకెవరూ చెప్పలేదు." బిరడాని రెండు వేళ్ల మధ్య దొర్లించారు. "కింది పనంతా వర్క్‌షాపువాళ్లదే. నేను పైన తుడిచేవాణ్ని. అన్నేళ్లూ పైనే తుడిచాను." గొంతు తగ్గించారు. "అబ్బాయికి చెప్పావా?"

"లేదు."

"మీ అత్తకి?"

"లేదు మామయ్యా."

ఆయన మొహంలో కాస్త వెలుగు లాంటిది కదిలింది. అది చూసి ఆమెకి జాలేసింది, కానీ జాలికి లొంగలేదు.

"రేపు అందరూ ఉన్నప్పుడు చెబుతాను. మీరే చెబితే ఇంకా బావుంటుంది. నేను పైకిటికీ మూశాను."

ఆమె మిగతా మూడూ దిండు పక్కన పెట్టింది. మామగారు తన చేతిలోదీ వాటితో చేర్చారు. "మూశావు," అన్నారు కిటికీ వైపు చూస్తూ.

ఆదివారం బేరాల బావ తన మనిషిని వెంటబెట్టుకుని వచ్చేసరికి సీటు దాని చోట్లో ఉంది, కార్పెట్ పరిచి ఉంది, పెట్టె, బ్యాటరీ బిగించి ఉన్నాయి, చక్రాలు ఎక్కాయి. తుక్కు కొనేవాడు లావుగా, నెమ్మదిగా ఉన్నాడు. బానెట్ మీద అరచేత్తో చరిచాడు. వసారాలో కుర్చీ కిర్రుమంది.

"తాళం ఇస్తారా?" అంది కోడలు భర్తతో.

అతను బావ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె కూర్చుని తాళం తిప్పింది. ఏనుగు ఒకసారి దగ్గింది. రెండోసారి తిప్పితే అందుకుని, గొంతు సవరించుకుని, సాఫీగా మోగడం మొదలెట్టింది. అద్దాలు కదల్లేదు. వైపర్లు కదల్లేదు. మీటర్ల పక్కన నారింజ రంగు దీపం ఒకటి మాత్రం వెలుగుతూనే ఉంది. అది ఏమిటో మేస్త్రిని అడగాలి అనుకుంది. కిందికి దిగకుండానే మీట నొక్కి అద్దాలు నాలుగూ దించి, ఎత్తి చూపించింది.

తుక్కువాడు బావతో అన్నాడు, "నడిచే బండి చూపిస్తావేంటండీ? నేను శవాల వ్యాపారిని."

"ఇవాళ నడిచింది," అన్నాడు బావ. "రేపు మళ్లీ వానొస్తుంది, చెల్లెమ్మ మళ్లీ కిటికీ మరిచిపోతుంది. అప్పుడు ఈయన్ని మళ్లీ బతిమాలుకోవాలి."

కోడలు ఇంజను ఆపింది. నోరు తెరవబోయింది. ఆలోపే మెట్ల మీద చప్పుడైంది.

మామగారు భుజం మీద తుడిచే గుడ్డతో కిందికి వచ్చారు. జేబులోంచి బిరడాలు తీసి బానెట్ మీద పెట్టారు. "ఆ పిల్ల మూయాల్సింది మూసింది," అన్నారు. "మూయకూడనివి నేను మూశాను. నీళ్లు పోయే గొట్టాలు. ఎలుకల భయంతో." భుజం మీది గుడ్డ సర్దుకున్నారు.

బావ బిరడాల వైపు వంగి చూశాడు. తర్వాత ఫక్కున నవ్వాడు. "అయితే బోను ఎలుకకి కాదు, మామయ్యకి పెట్టాలి."

"చూపు ఆనదు, చెబితే వినరు," అంది అత్తగారు. "రెండు పూటలా ఆ బండి కిందికీ పైకీ. ఎప్పుడో ఇట్లాంటిదేదో చేస్తారని నాకు తెలుసు."

"నాన్నా, ఇకమీదట మీరు బండి ముట్టుకోకండి," అన్నాడు భర్త, మెత్తగానే. "కడిగే చోట ఇచ్చేద్దాం. మీకెందుకు శ్రమ." ఆయన భుజం మీది గుడ్డని తీసుకున్నాడు.

మెత్తటి ఆ గొంతు కోడలికి తెలుసు. మంగళవారం విన్న గొంతే. అత్తగారి మాటా మంగళవారం మాటే, మనిషి మారాడంతే. మామగారు ఖాళీ భుజాన్ని ఒకసారి తడుముకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. ఇన్ని రోజులుగా కోరుకున్నది ఆమెకి దక్కింది. దక్కిన క్షణంలోనే దాన్ని ఇంకొకరి దగ్గర్నుంచి ఊడలాక్కున్నట్టు అనిపించింది.

తలుపు తెరిచి దిగింది. "గుడ్డ ఆయనకి ఇచ్చేయండి."

"తప్పు పట్టుకుంది నువ్వేగా?" అన్నాడు భర్త.

"మంగళవారం నా చేతిలోంచి తాళం తీసుకున్నారు. ఇవాళ ఆయన భుజం మీంచి గుడ్డ తీసుకున్నారు. రేపు ఇంకేదో పాడైతే ఎవరి దగ్గర ఏం తీసుకుంటారు? ఇది పాత బండి. ఏదో ఒకటి పాడవుతూనే ఉంటుంది. ప్రతిసారీ ఒక మనిషిని తీసేసుకుంటూ పోతే చివరికి బండి చుట్టూ ఎవరు మిగులుతారు?"

"నోట్లో నాలుక లేదనుకున్నానే దీనికి," అంది అత్తగారు. కోపంగా అనలేదు, కొత్తగా చూస్తూ అంది.

భర్త గుడ్డని తండ్రికి ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. మడిచి, బానెట్ మీద బిరడాల పక్కన పెట్టాడు. తుక్కువాడు బావ మోచెయ్యి తట్టి, "మనం టీ తాగొద్దాం పదండి, ఇక్కడ మన పని లేదు," అన్నాడు.

కోడలు గోనెసంచి తెచ్చి ముందు చక్రం పక్కన పరిచింది. "రండి మామయ్యా."

"ఎక్కడికి?"

"కిందికి. పడుకోవాలి, చూసుకుని రండి."

ఆయన మోకాలు ఒకటి ఆన్చారు, ఆగారు, రెండోది ఆన్చారు. భర్త రెక్క పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నారు. ఇద్దరూ పక్కపక్కన పడుకున్నాక ఆమె ఆయన చూపుడువేలు పట్టుకుని చక్రం మీదుగా, ఒక మూల బిగించకుండా వదిలిన తొడుగు సందులోంచి లోపలికి, కీలు వెనక్కి, రబ్బరు మూతి దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇదీ. పెదవుల్లా ఉన్నాయి చూడండి. వారానికొకసారి వేలితో ఇట్లా అంటే చాలు, మట్టి రాలిపోతుంది. కంటికి కనపడదు, మీకైనా నాకైనా వేలితోనే తెలియాలి."

"ఊఁ," అన్నారాయన.

"అత్తయ్యా, స్టూలెక్కి ఆ కిటికీ అంచున ఒక చెంబు నీళ్లు పొయ్యండి."

"నేనా?"

"మీరే. అదుగో, ఆ మూల."

స్టూలు జరిపిన చప్పుడు, గాజుల చప్పుడు, నీళ్లు పోసిన చప్పుడు. కింద ఇద్దరూ ఊపిరి బిగబట్టి పడుకున్నారు. మొదట ఏమీ రాలేదు. కమ్మీ లోపల ఎక్కడో సన్నగా, గోడ అవతల ఎవరో నడిచినట్టు, ఏదో దిగుతోంది. మామగారి వేలు అదిరింది.

"వస్తోంది," అన్నారు.

నీళ్లు రబ్బరు పెదవులు తోసుకుని ఆయన వేలిమీదుగా, అరచేతిలోంచి, మణికట్టు దాకా పారాయి. తేట నీళ్లు. ఆయన చెయ్యి తియ్యలేదు. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయేదాకా అట్లాగే పట్టుకున్నారు.

"పోయాయా?" అంది పైనుంచి అత్తగారు.

"పోయాయి," అన్నారు మామగారు. మోచేతుల మీద లేచి, గోనెసంచి అంచు పట్టుకుని వెనక చక్రం వైపు తనే లాక్కున్నారు. తడిచేత్తో రేకుని తడుముతూ అడిగారు.

"వెనకదానికి వేలు ఎట్లా పెట్టాలో చూపించు."